రానివాళ్ళ పేర్లు ముందు రాయండి

స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర కార్యకర్త కావచ్చు, డ్వాక్రా సంఘం లీడరు కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, కంపెనీ సామాజిక సేవా విభాగంలో ఉద్యోగి కావచ్చు. ఆకలి మీద పనిచేసేవాళ్ళందరికీ చేరిన కొద్ది రోజులకే ఒక లెక్క అలవాటవుతుంది: ఇవాళ ఎన్ని పొట్లాలు, ఎన్ని కిలోలు, ఎంతమందికి? ఆ లెక్క అవసరమే. కానీ అందులో ఉండేది వచ్చినవాళ్ళు మాత్రమే. కటిక ఆకలి చాలాసార్లు రానివాళ్ళ ఇంట్లో ఉంటుంది. వాళ్ళెందుకు రాలేకపోయారో కనుక్కుని ఆ అడ్డు తొలగించడమే ఈ ఉద్యోగంలో అసలు పని.

ముందుగా ఒక మాట మనసులో స్థిరపరచుకోండి. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం తిండిగింజలను హక్కుగా చేసింది. అర్హత ఉన్న కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుంటే కుటుంబానికి 35 కిలోలు. మీరు కలిసే మనిషి హక్కుదారు. మీ మాట తీరు, కూర్చునే తీరు అందుకు తగ్గట్టు ఉండాలి.

జాబితా పట్టుకుని నడవండి

ఆఫీసులో తయారైన జాబితాను యథాతథంగా నమ్మకండి. తెలంగాణలో ఇళ్ళకు వెళ్ళి చూడకుండా, కంప్యూటర్ లెక్కల ఆధారంగా సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారన్న కేసులో, క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. గడప తొక్కకుండా పేదరికాన్ని కొలవబోతే ఏం జరుగుతుందో ఆ కేసు చెబుతుంది.

ఊరి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టండి. పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండిపోయిన కోడలు, భర్త వదిలేసిన మహిళ, ఇంట్లోంచి వెళ్ళగొట్టిన ట్రాన్స్‌జెండర్, చిరునామా లేని సంచార కుటుంబం, నల్లమల పెంటల్లోని చెంచులు: జాబితాలోంచి తరచూ జారిపోయేది వీళ్ళే. ఆదిమ గిరిజన కుటుంబాలు, ఆసరా లేని వితంతువులు, వికలాంగులు, వృద్ధులు అంత్యోదయకు అర్హులు. ఆ కార్డు రావలసిన చోట మామూలు కార్డు ఉందేమో చూడండి. దరఖాస్తు చేతిలో పెట్టి వచ్చేయకుండా, రసీదు వచ్చేదాకా వెంట ఉండండి.

ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీలను మరవద్దు. సొంత ఊరి కార్డుతో ఉన్నచోటే బియ్యం తీసుకునే వీలుంది. ఈ ఏర్పాటు 2019 ఆగస్టులో మొదలైన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. కుటుంబం సగం ఊళ్ళో, సగం బట్టీలో ఉన్నా ఎవరి వాటా వారు తీసుకోవచ్చు. మొదటిసారి డీలరు దగ్గరికి వాళ్ళతోపాటు మీరూ వెళ్ళండి. భాష రాని మనిషికి ఆ తోడు చాలా అవసరం.

అడ్డు ఎక్కడుందో వెతకండి

పొద్దున పదకొండింటికి అన్నం పంచితే అడ్డా కూలీ రాలేడు. ఆ వేళకు పనిలో ఉంటాడు, లేదా పని దొరుకుతుందేమోనని అడ్డా వదలలేక అక్కడే ఉంటాడు. వేళ మార్చండి. మెట్లెక్కలేని ముసలమ్మ కోసం చోటు మార్చండి. అందరికీ ఒకే వేళ, ఒకే వరుస పెట్టడం సమానంగా కనిపించినా, ఆ వరుసలో నిలబడలేనివాళ్ళకు అన్యాయమే.

రేషన్ దుకాణంలో అడ్డు వేరు: రాళ్ళు కొట్టి, అంట్లు తోమి అరిగిన వేళ్ళకు ఈ-పాస్ మిషన్‌లో తరచూ వేలిముద్ర పడదు. కంటిపాపతో గుర్తించే పరికరం ఉందేమో అడగండి. ఉత్త చేతులతో పంపేస్తే తేదీ, దుకాణం నంబరు, చెప్పిన కారణం రాసిపెట్టుకోండి. 1967కు ఫోన్ చేయండి. పరిష్కారం కాకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో 65 ఏళ్ళు దాటినవారికి, వికలాంగులకు ఇంటికే సరుకులు ఇచ్చే ఏర్పాటు 2025 జూన్‌లో మొదలైంది. మీ వాడలో అది నిజంగా అందుతోందా? అడిగి తెలుసుకోండి.

గరిటె ఎవరి చేతిలో ఉంది?

బడుల్లో మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వంటశాలలో దళిత మహిళ అంట్ల దగ్గరే ఆగిపోతోందా, పొయ్యి దగ్గరికి వస్తోందా? ఆమె వండితే తినబోమని ఎవరైనా అంటే, వంట మనిషిని మార్చకండి. పెద్దలతో కూర్చుని మాట్లాడండి, మీరు అదే బంతిలో కూర్చుని తినండి. వంటకాల విషయంలోనూ తినేవాళ్ళను అడగండి. జొన్న రొట్టె తినే ఇంటికి, రాగి సంకటి తినే ఇంటికి, షుగర్ ఉన్న పెద్దమనిషికి ఒక్క తెల్లన్నమే జవాబు కాదు.

ఫొటో తీసేముందు అడగండి. వద్దంటే ఆ మాటకు విలువివ్వండి. ఫొటో ఇవ్వలేదని పొట్లం ఆపకూడదు.

నిర్ణయం వాళ్ళ చేతికివ్వండి

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన సంఘాల మహిళలు 1990ల్లో నిర్ణయాలు తామే తీసుకుని చూపించారు. వాళ్ళలో ఎక్కువమంది దళితులు. బీడు భూములు సాగులోకి తెచ్చి, పండిన జొన్నలు ఊళ్ళోనే నిల్వచేసి, పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవాళ్ళో ఊరివాళ్ళే కూర్చుని తేల్చారు. ఎక్కువ పేదలకు ఎక్కువ వాటా. ఆకలి తెలిసినవాళ్ళే పంట, గిడ్డంగి, పంపకం నడిపారు.

మీ కమిటీలో ఆకలి అనుభవించినవాళ్ళు ఎందరు? ఒక్కరినే పెడితే నోరు మెదపలేరు, కనీసం ముగ్గురిని పెట్టండి. సమావేశం వాళ్ళ వాడలోనే, కూలికి అడ్డురాని వేళలో పెట్టండి. పని మానుకుని వస్తే ఆ రోజు కూలి ఇవ్వండి. మీ ప్రయాణ భత్యానికి బడ్జెట్ ఉన్నప్పుడు దీనికీ ఉండాలి. తీర్మానాలు చదివి వినిపించాకే వేలిముద్ర అడగండి.

పై అధికారికి ఎలా చెప్పాలి?

సంఖ్య తగ్గుతుందని ఆఫీసులో అభ్యంతరం వస్తుంది. మారుమూల పెంటకు వెళ్ళిన రోజు తక్కువ ఇళ్ళే పూర్తవుతాయి, నిజమే. అందుకే నెలవారీ నివేదికలో మరో మూడు గడులు చేర్చమని అడగండి: అర్హత ఉండీ అందనివారు ఎందరు, అందకపోవడానికి కారణం ఏమిటి, ఈ నెలలో ఎన్ని అడ్డులు తొలగించాం. మూడు నెలలు వరుసగా నింపితే ఏ దుకాణంలో వేలిముద్రలు పడట్లేదో, ఏ వాడ మొత్తంగా జారిపోయిందో అందరికీ కనిపిస్తుంది. దాతలకూ, అధికారులకూ అదే చూపించండి. డబ్బు, మనుషులు ఎక్కడ పెట్టాలో ఆ మూడు గడులే తేలుస్తాయి.