శ్రేఢీవ్యవహారము – మధ్యధన విచారము

వరుస పూర్ణాంకముల సగటును గూర్చిన సమస్యలలో మొదటి సంఖ్యను అవ్యక్తముగా గ్రహించి సమీకరణము కట్టుట నేటి పరిపాటి. ఆర్యభటీయ గణితపాదము (క్రీ.శ. 499), లీలావతి (క్రీ.శ. 1150) మధ్యధనమునకు ప్రాధాన్యమిచ్చినవి. ఆ మార్గము సులభమగుటయే గాక, సమస్య సాధ్యమో కాదో కూడ ముందుగనే తెలుపును.

శ్రేఢిలో మొదటి పదము ఆది, వృద్ధి చయము, పదముల సంఖ్య గచ్ఛము. గచ్ఛమునుండి ఒకటి తీసివేసి, చయముచే గుణించి, ఆదిని కలిపిన అంత్యధనము వచ్చును. ఆద్యంతముల మొత్తములో సగము మధ్యధనము. దానిని గచ్ఛముచే గుణించిన సర్వధనము. సర్వధనమును గచ్ఛముచే భాగించిన లభించునదే సగటు గనుక, మధ్యధనమే సగటు. మధ్యమునకు ఇరువైపుల సమదూరముననున్న పదములలో ఒకటి ఎంత తక్కువయో రెండవది అంత ఎక్కువ అగుటయే ఇందుకు ఉపపత్తి.

ఉదాహరణము: ఐదు వరుస పూర్ణాంకముల సగటు 27. గచ్ఛము బేసి గనుక 27 నడిమి పదమే. అటు రెండు, ఇటు రెండు చేర్చిన 25, 26, 27, 28, 29. సమీకరణముతో పనిలేదు.

గచ్ఛము సరిసంఖ్య అయినపుడు నడిమి పదమే లేదు, మరి మధ్యధనమెక్కడిది? ఈ శంకను భాస్కరాచార్యుడు తన గద్య వివరణమున ప్రస్తావించి, మధ్యమునకు ముందు వెనుకల దినముల ధనముల మొత్తములో సగమునే మధ్యధనముగా గ్రహింపవలెనని సమాధానము చెప్పినాడు. నాలుగు వరుస పూర్ణాంకముల మొత్తము 110 అయినచో మధ్యధనము 27½. దాని కిరువైపుల నున్నవి 27, 28. కావున సంఖ్యలు 26, 27, 28, 29.

మొత్తము 112 అయినచో? మధ్యధనము 28. చయము 1, గచ్ఛము సరి అయినపుడు మధ్యధనము అర్ధాంశముతో కూడియుండక తప్పదు. కావున అట్టి పూర్ణాంకములు లేవు. మొదటి సంఖ్యను అవ్యక్తముగా గ్రహించినవాడు 26½ అను ఫలము వచ్చిన పిదపగాని దీనిని గుర్తింపలేడు. చయము 2 అయినచో స్థితి మారును: నాలుగు వరుస సరిసంఖ్యల సగటు 27 అయినచో అవి 24, 26, 28, 30.

పదములు పెరిగినపుడును ఈ దృష్టియే ఉపకరించును. వరుస పూర్ణాంకములకు చివర ఒక పదము చేరిన మధ్యధనము అర్ధము పెరుగును. ఐదింటి సగటు 20 అయినచో, తరువాతి రెండు చేర్చిన ఏడింటి సగటు 21.

కావున లీలావతిని బోధించువారు సూత్రమును కంఠస్థము చేయించుటతో విరమింపక, గచ్ఛము సరియో బేసియో ముందుగా పరీక్షించు అలవాటును విద్యార్థులకు నేర్పుట సముచితము.