శిశువు తొట్టె - ఎదుగుదలకు తగిన మార్పులు

మన ఇండ్లలో తెలుగున తొట్టె అన్నను, ఉర్దూలో ఝూలా అన్నను శిశువునకు అదియే తొలి శయ్య. దానిని ఎన్నుకొనునప్పుడు అందము కంటె భద్రతనే మనము ముందు చూడవలెను. కమ్మీల నడుమ ఎడము 6 సెంటీమీటర్లు మించినచో శరీరము జారి, తల చిక్కుకొను ప్రమాదము కలదు. పైకి క్రిందికి జారు ప్రక్కకమ్మీలు ఊడి శిశువులు మరణించుటచే, అట్టి తొట్టెల అమ్మకమును అమెరికా 2011లో నిషేధించినది.

పరుపు గట్టిగా, అంచులలో సందు లేక ఉండవలెను. మొదటి సంవత్సరము ఊపిరికి అడ్డగు దిండ్లు, మెత్తని బొమ్మలు ఉంచక, శిశువును వెల్లకిల పరుండబెట్టవలెను. శిశువు కూర్చొనక మునుపే పరుపును దించవలెను. నిలువక మునుపే అట్టడుగునకు దించవలెను. ఊగు తొట్టెనైతే పొర్లుట, చేతులూని లేచుట మొదలిడగానే మానవలెను. ఎత్తు 90 సెంటీమీటర్లకు చేరినచో కమ్మీల తొట్టెను విడువవలెను. బిడ్డ ఎదుగుచుండగా తొట్టె మారనిచో, నిన్నటి రక్షణయే నేటి అపాయమగును.