మూత్రపిండ కణాలలో గ్లుటమిన్ జీవక్రియ – ఆమ్ల, క్షార సమతుల్యత

వరి వేరు నేల నుండి గ్రహించిన అమ్మోనియం చాలావరకు ఆ వేరులోనే గ్లుటమిన్‌గా మారుతుందన్నది సస్యశాస్త్ర విద్యార్థులకు తెలిసిన విషయమే. అదే గ్లుటమిన్ మానవ రక్తంలో అత్యధిక గాఢతలో ఉండే అమైనో ఆమ్లం. మొక్క అమ్మోనియాన్ని గ్లుటమిన్‌లో బంధిస్తుంది. మూత్రపిండ కణం గ్లుటమిన్ నుండి అమ్మోనియాన్ని విడదీస్తుంది. మూత్రపిండాన్ని కేవలం వడపోత సాధనంగా భావించే వారికి ఈ రెండవ చర్య ప్రాముఖ్యం తెలియదు. గ్రామీణ ప్రాంతాలలో మూత్రపిండ వ్యాధుల గురించి రైతులు ప్రశ్నించినప్పుడు సమాధానం చెప్పవలసిన విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ పరిజ్ఞానం అవసరం.

పునఃశోషణ

రెండు మూత్రపిండాల బరువు కలిపి సుమారు 300 గ్రాములు. అయినప్పటికీ గుండె నుండి వెలువడే రక్తంలో దాదాపు ఐదవ వంతు వీటికే చేరుతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు గురికాగా, మూత్రంగా వెలువడేది ఒకటి నుండి రెండు లీటర్లు మాత్రమే. వడపోసిన ద్రవంలో దాదాపు 160 నుండి 180 గ్రాముల గ్లూకోజు, 50 గ్రాములకు పైగా అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆరోగ్యవంతులలో గ్లూకోజు దాదాపు పూర్తిగా, అమైనో ఆమ్లాలు 98 శాతానికి మించి తిరిగి రక్తంలోకి చేరుతాయి.

ఈ పనిలో అధిక భాగం నెఫ్రాన్ తొలి భాగమైన సమీపస్థ సంవళిత నాళికలో జరుగుతుంది. ఇక్కడి కణాలు సోడియం ప్రవాహాన్ని ఆధారం చేసుకొని పోషకాలను లోనికి తీసుకుంటాయి. ఆ సోడియంను తిరిగి బయటకు పంపడానికి శక్తి ఖర్చవుతుంది. అందువల్లనే వీటిలో మైటోకాండ్రియా దట్టంగా ఉంటాయి. ఈ కణాలు తాము పీల్చుకున్న గ్లూకోజును ఇంధనంగా దాదాపు వాడుకోవు. కొవ్వు ఆమ్లాలు, లాక్టేట్, గ్లుటమిన్ వంటి వాటిని ఆక్సీకరించి శక్తిని పొందుతాయి. గ్లూకోజు ఇతర అవయవాలకు మిగులుతుంది. అంతేకాక, ఉపవాస సమయంలో ఈ కణాలు లాక్టేట్, గ్లుటమిన్‌ల నుండి కొత్తగా గ్లూకోజును తయారు చేసి రక్తానికి అందిస్తాయి. చిన్నప్రేగు నుండి వచ్చే సిట్రులిన్‌ను ఆర్జినిన్‌గా, గ్లైసిన్‌ను సెరిన్‌గా మార్చేది కూడా ఈ కణాలే.

గ్లుటమిన్ విచ్ఛిన్నం

మూత్రపిండ కణజాలంలో గ్లుటమిన్ ఏర్పడటం, విచ్ఛిన్నం కావడం గురించి హాన్స్ క్రెబ్స్ 1935లో ప్రయోగపూర్వకంగా వివరించారు. విచ్ఛిన్నంలో రెండు ముఖ్య దశలున్నాయి.

1. గ్లుటమినేజ్ ఎంజైమ్ గ్లుటమిన్‌ను గ్లుటమేట్‌గా మారుస్తుంది. ఒక అమ్మోనియం అయాను విడుదలవుతుంది.
2. గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ గ్లుటమేట్‌ను ఆల్ఫా కీటోగ్లుటరేట్‌గా మారుస్తుంది. మరొక అమ్మోనియం అయాను విడుదలవుతుంది.

మిగిలిన ఆల్ఫా కీటోగ్లుటరేట్ గ్లూకోజుగా గాని, పూర్తి ఆక్సీకరణ ద్వారా కార్బన్ డయాక్సైడ్‌గా గాని మారినప్పుడు రెండు బైకార్బనేట్ అయాన్లు ఏర్పడతాయి. అమ్మోనియం మూత్రంలోకి, బైకార్బనేట్ రక్తంలోకి వెళ్తాయి. అమ్మోనియం మూత్రంలోకి పోకుండా రక్తంలోకి చేరితే కాలేయం దానిని యూరియాగా మార్చే క్రమంలో బైకార్బనేట్‌ను ఖర్చు చేస్తుంది. అప్పుడు శరీరానికి నికర లాభం ఉండదు. కనుక అమ్మోనియం విసర్జనే ఇక్కడ కీలకం.

నేలతో పోల్చి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. అమ్మోనియంను గ్రహించే వేరు హైడ్రోజన్ అయాన్లను బయటకు వదులుతుంది కాబట్టి వేరు చుట్టూ ఉన్న మట్టిలో ఆమ్లత్వం పెరుగుతుంది. మూత్రపిండంలో అమ్మోనియం బయటకు పోతుంది, క్షారం శరీరంలో నిలుస్తుంది.

ఆహారంతో సంబంధం

మాంసకృత్తులలోని మెథియోనిన్, సిస్టీన్ వంటి గంధక అమైనో ఆమ్లాలు జీవక్రియలో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఇస్తాయి. సాధారణ మిశ్రమాహారం తీసుకునే వ్యక్తిలో రోజుకు ప్రతి కిలో శరీర బరువుకు సుమారు ఒక మిల్లీతుల్యాంకం ఆమ్లం మిగులుతుంది. దీనిలో సగానికి పైగా అమ్మోనియం రూపంలో బయటకు పోతుంది. పండ్లు, కూరగాయలలోని సేంద్రియ ఆమ్లాల పొటాషియం లవణాలు బైకార్బనేట్‌గా మారి ఈ భారాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం పెరిగినప్పుడు ఆరోగ్యవంతమైన మూత్రపిండం కొన్ని రోజులలో అమ్మోనియం ఉత్పత్తిని అనేక రెట్లు పెంచుకోగలదు.

నాళికా కణాలు దెబ్బతింటే ఈ సామర్థ్యం తగ్గుతుంది. రక్తంలో బైకార్బనేట్ పడిపోక ముందే మూత్రంలో అమ్మోనియం తగ్గవచ్చు. తర్వాత శరీరం ఆమ్లాన్ని తటస్థీకరించడానికి ఎముకల ఖనిజాన్ని వాడుకుంటుంది; కండరాల మాంసకృత్తులు కరుగుతాయి. శ్రమమీద బ్రతికే వ్యవసాయ కూలీకి కండ తరగడమంటే జీవనాధారం తరగడమే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కనిపించే దీర్ఘకాలిక వ్యాధి ప్రధానంగా నాళికలను, వాటి మధ్యనున్న కణజాలాన్ని దెబ్బతీసేదే. అక్కడ దీనికి ఏదో ఒక్క కారణాన్ని నిర్ధారణగా చెప్పడం శాస్త్రీయం కాదు.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

- ఎండలో పనిచేసే వారికి నీరు, నీడ, విరామం తప్పనిసరి. నీరు తగ్గితే మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గుతుంది. అధిక ఆక్సిజన్ అవసరమున్న నాళికా కణాలకు అది హానికరం.
- ఒళ్లునొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలను సొంతంగా వాడవద్దని చెప్పాలి. ఇవి మూత్రపిండ రక్తప్రసరణను మరింత తగ్గిస్తాయి.
- ఆరోగ్యవంతులు పప్పుధాన్యాలతో పాటు కూరగాయలు, పండ్లు సమృద్ధిగా తీసుకునేలా పెరటి తోటలను ప్రోత్సహించాలి.
- వ్యాధి ముదిరిన వారిలో పొటాషియం పేరుకొని ప్రాణాపాయం కలగవచ్చు. వారి ఆహార మార్పులను వైద్యుని సలహాకే వదిలివేయాలి.
- క్రియాటినిన్ పరీక్ష ప్రధానంగా వడపోతను సూచిస్తుంది; నాళికల జీవక్రియను నేరుగా చూపదు. కనుక ఒక్క ఫలితాన్ని చూసి భరోసా ఇవ్వరాదు.

పంటలో నత్రజని ఏ రూపంలో, ఎటు కదులుతున్నదో తెలిసినప్పుడే ఎరువుల సిఫారసు సరిగా ఉంటుంది. రైతు ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడూ అదే నియమం వర్తిస్తుంది. మూత్రపిండం వడపోయడంతో పాటు పోషకాలను కాపాడుతుంది, క్షారాన్ని తయారు చేస్తుంది. ఈ మూడు పనులనూ విద్యార్థులకు కలిపి బోధించడం అవసరం.