ముందు గదిలో సంగీతం పాఠం

సూర్యాపేట



మిర్యాలగూడలో మీ ఇంటి ముందు గదిలోనే పాఠాలు మొదలుపెట్టావని చదివి చాలా సంతోషించాను. నెల తిరక్కముందే తల్లిదండ్రులు "పాట ఎప్పుడొస్తుంది?" అని అడుగుతున్నారని రాశావు. విసుక్కోకు బిడ్డా. రైస్ మిల్లులో పొద్దంతా పనిచేసి, సాయంత్రం పిల్లను నీ గుమ్మం దాకా తెచ్చిన మనిషికి ఆ మాట అడిగే హక్కుంది.

సరళీ వరుసలు ఆపవద్దు, పాట కోసం ఏడాది ఆగమనీ చెప్పవద్దు. మొదటి నెలలోనే ఒక రామదాసు కీర్తన నోటిపాఠంగా ఎత్తుకో. స్వరం రాయించకు. నువ్వు పాడు, వాళ్లు అంటారు, అంతే. వరుస తప్పిందని ఎవరైనా తప్పుపట్టవచ్చు. పురందరదాసు పేరున మనకు అందిన అభ్యాసక్రమం మీద నాకూ భక్తే. కానీ రామదాసు మనకు పరాయివాడా? రామదాసైన ఆ కంచెర్ల గోపన్నది నేలకొండపల్లి, కోదాడ నుంచి ఖమ్మం పోయే దారిలోనే ఉంది. ఆయన కీర్తనలు భజనల్లో, సరిగమలు తెలియని గొంతుల్లోనే ఇన్నాళ్లూ బతికాయి. పిల్ల ఇంటికెళ్లి అందుకుంటే నాయనమ్మ గొంతు కలుపుతుంది. ఆ తర్వాత సరళీ వరుసలు ఎన్నాళ్లు సాగినా ఆ ఇంట్లో ఎవరూ తొందరపెట్టరు.

నువ్వు మాత్రం అసలు తొందరపడకు. సరళీ వరుసలు నేర్పే మాయామాళవగౌళలో రిషభం షడ్జాన్ని ఆనుకుని ఉంటుంది, గాంధారమేమో చాలా ఎత్తున. అలవాటు లేని గొంతు ఆ రిషభాన్ని పైకి లాగేస్తుంది. అప్పుడు తప్పని గద్దించకు. శ్రుతిపెట్టె కాస్త గట్టిగా పెట్టి స-రి, రి-స అని నువ్వే నెమ్మదిగా పాడు. ఒక్కోరోజు పాఠమంతా ఆ రెండు స్వరాలతోనే అయిపోతుంది, కానివ్వు. స్వరం శ్రుతిలో కలిసిన సంగతి ముందు పిల్లకే తెలుస్తుంది. ఠక్కున నీ వైపు చూస్తుంది. ఈ పని మీద నాకింకా ఇష్టం తగ్గలేదంటే ఆ చూపు వల్లే.

గొంతు మారుతున్న పిల్లవాడు మానేస్తానంటున్నాడని రాశావే, వాణ్ణి వదలకు. ఇన్నాళ్లూ ఐదు శ్రుతిలో పాడాడని అక్కడే గొంతు చించుకోనివ్వకు. కిందికి దించు, ఎక్కడ హాయిగా పలికితే అక్కడ పాడించు. పలకని రోజు తాళం వేయించు, పక్కవాళ్ల పాట వినమను. మన దగ్గర మగపిల్లలు జారిపోయేది ఈ వయసులోనే.

ఫీజు అడగడానికి మొహమాటపడకు. ఇవ్వలేని ఇంటి పిల్ల దగ్గర ఆ మాటే ఎత్తకు.

"కచేరీలు చేయాల్సినదాన్ని, సరిగమలు చెప్పుకుంటూ ఉండిపోతానా?" అన్నావు చివర్లో. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టారు. ఈ ఇద్దరినీ ఎరగనివాళ్లు లేరు. వాళ్ల నడుమ గురుశిష్యుల వరుసలో ముగ్గురున్నారు. త్యాగరాజు దగ్గర నేర్చుకున్న మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులుగారు కచేరీలు చేసిన విద్వాంసులే. అయినా ఈనాడు ఆయన్ని తలుచుకునేది ఎక్కువగా శిష్యుల వల్లే. బాలమురళి గారికీ, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారికీ ఆయనే గురువు.

నీ గదిలో మరో బాలమురళి కూర్చున్నాడని కాదు. ఎక్కువమంది ఉద్యోగాలకనీ అమెరికాకనీ పోతారు. యాభయ్యో ఏట ఎక్కడో కల్యాణి రాగం విని గుర్తుపట్టి ఆగితే నీ పాఠం వాళ్లకు అందినట్టే. అందుకు వాళ్లు నీ పాట వినాలి, నువ్వు రోజూ పాడుతుండాలి. పొద్దున, పిల్లలు రాకముందే, నీ వర్ణం నువ్వు పాడుకో. టీచరు పాడటం మానేస్తే పిల్లలకు దిద్దుబాట్లే మిగులుతాయి, పాట వినే యోగం ఉండదు.

వచ్చే ఆదివారం కోదాడలో పాఠం కాగానే హుజూర్‌నగర్ మీదుగా మీ ఊరికి బస్సెక్కుతాను. సాయంత్రం పిల్లల్ని ఉండమను, ఆ గొంతు మారుతున్నవాణ్ణి తప్పకుండా. వాడికి ఏ శ్రుతి కుదురుతుందో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ సారు