రెండు గ్రాఫిక్స్ కార్డులు ఒకే పీసీలో: 3060 పక్కన పాత 1060 పెట్టొచ్చా?

మొన్న దుమ్ముగూడెం నుంచి మా చిన్నమ్మ కొడుకు తన క్యాబినెట్‌ని దుప్పట్లో చుట్టి, బస్సులో భద్రాచలం మా ఇంటికి మోసుకొచ్చాడు. వాడు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. పాత జీటీఎక్స్ 1060 ఉంది, 6 జీబీ. దాచుకున్న డబ్బులతో సెకండ్ హ్యాండ్‌లో 12 జీబీ ఆర్టీఎక్స్ 3060 కొన్నాడు. "అన్నా, రెండూ కలిపితే 18 జీబీ అవుద్ది కదా? బ్రిడ్జ్ వేస్తే చాలని ఖమ్మంలో ఒక షాపాయన చెప్పాడు. రేపు వెళ్లి తెచ్చుకుంటా" అన్నాడు.

బస్ చార్జీ దండగ. ఈ రెండు కార్డుల్లో దేనికీ బ్రిడ్జ్ తగిలించే కనెక్టరే లేదు!

ఆ షాపాయన చెప్పింది పాత కథ. 2004లో ఎన్విడియా తెచ్చిన ఎస్ఎల్ఐకి ఒకే మోడల్ కార్డులు రెండు కావాలి. ఒకటి ఆసుస్, ఇంకోటి ఎంఎస్ఐ అయినా పర్లేదు గానీ, 970 పక్కన 980 కుదరదు. ఏఎండీ క్రాస్‌ఫైర్ కాస్త నయం, ఒకే ఫ్యామిలీలో వేర్వేరు మోడల్స్‌ని కూడా కలపనిచ్చేది. రెండింట్లోనూ మామూలుగా ఒక ఫ్రేమ్ ఒక కార్డు, తర్వాతి ఫ్రేమ్ ఇంకో కార్డు గీస్తాయి. అంటే గేమ్ డేటా మొత్తం రెండు మెమొరీల్లోనూ ఉండాలి. అందుకే 4 ప్లస్ 4 అంటే 8 కాదు, 4 జీబీనే. 2021 నుంచి ఎన్విడియా కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైల్స్ ఇవ్వడం కూడా ఆపేసింది. డైరెక్ట్ఎక్స్ 12 ఆ పనిని గేమ్ చేసేవాళ్ల మీదే పెట్టింది. యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ లాంటి ఒకటి రెండు గేమ్స్ ఏఎండీని, ఎన్విడియాని కూడా కలిపి వాడాయి. మిగతావాళ్లు పట్టించుకోలేదు. కాబట్టి గేమింగ్ కోసమైతే రెండో కార్డు ఆలోచన వదిలేయండి.

మరి మావాడి 1060 అమ్మేయాలా? అది వాడు వాడే సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. టైటిల్స్ కోసం బ్లెండర్ వాడతాడు. సైకిల్స్ రెండరింగ్‌కి బ్రిడ్జ్ అక్కర్లేదు, ప్రిఫరెన్సెస్‌లో రెండు కార్డులకీ టిక్ పెడితే పని పంచుకుంటాయి. కాకపోతే సీన్ మొత్తం రెండింట్లోనూ పట్టాలి, అంటే హద్దు 6 జీబీనే. సీన్ పెద్దదైతే 1060 టిక్ తీసేయడమే మేలు. ఎడిటింగ్‌కి వాడే డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ మాత్రం ఒక్క కార్డునే వాడుకుంటుంది, రెండోది కావాలంటే స్టూడియో వెర్షన్ కొనాలి. మెమొరీ నిజంగా కలిసొచ్చేది లామా సీపీపీ లాంటి వాటితో ఏఐ మోడల్స్ నడిపేటప్పుడు. మోడల్ లేయర్లని రెండు కార్డులకీ పంచేస్తుంది. స్పీడ్ డబుల్ అవ్వదు గానీ, 12 జీబీలో పట్టని మోడల్ లోడ్ అవుద్ది.

డ్రైవర్ విషయం మర్చిపోకండి. రెండు కార్డులకీ ఒకే డ్రైవర్ పనిచేయాలి. 1060కి 580 సిరీసే ఆఖరిది, కాబట్టి రెండూ ఉన్నంతకాలం 3060 కూడా అక్కడే ఆగాలి.

వాడి బీ450 బోర్డులో రెండో పొడుగు స్లాట్‌కి నాలుగు లేన్లే. రెండరింగ్‌కి అది చాలు, సీన్ లోడ్ అవడం కాస్త ఆలస్యం అంతే. అసలు భయం కరెంటుది. 3060కి 170 వాట్లు, 1060కి 120. కార్డులకే 290 అయితే, వాడి దగ్గరున్నది 450 వాట్ల లోకల్ ఎస్ఎంపీఎస్! సాటా కన్వర్టర్ పెట్టి నెట్టుకొద్దాం అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆ వైర్లు కరిగిపోతాయి. ఇక మా ఏరియా ఎండాకాలం మీకు తెలుసుగా, రెండు కార్డుల మధ్య గాలి ఆడకపోతే పైది మాడిపోద్ది.

చివరికి వాడు ఖమ్మం వెళ్లాడు, బ్రిడ్జ్ కోసం కాదు, బ్రాండెడ్ 650 వాట్ల ఎస్ఎంపీఎస్ కోసం. మానిటర్ కేబుల్ 3060కే పెట్టాం, 1060 కింద స్లాట్‌లో కూర్చుంది. బ్లెండర్‌లో రెండు టిక్కులూ కనిపించాక క్యాబినెట్‌ని మళ్లీ దుప్పట్లో చుట్టుకుని సాయంత్రం బస్సెక్కాడు.