సంగటి ముద్దలోని పిండిపదార్థం

కలమల్ల చుట్టుపక్కల పొలం పనులకు పోయేవారికి రాగి సంగటే బలము. రాగుల్లో ఎక్కువ భాగం పిండిపదార్థమే. అది దేహంలో గ్లూకోజుగా మారి, గ్రాముకు సుమారు 4 కిలోకేలరీల శక్తినిస్తుంది. రాగుల్లో పీచు కూడ ఉన్నందున ఆకలి త్వరగా వేయదు. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో పీచు, బి విటమిన్లు చాలావరకు తవుడుతో పోతాయి. ఆ తవుడు బర్రెలకు పెట్టి, తెల్లని మెతుకులు మనం తింటున్నాము!

అయితే పిండిపదార్థం శక్తినిస్తుందే గాని కండ పెంచదు. రోజుకు కావలసిన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. మిగిలినది పప్పులు, పాలు, కూరగాయలు, నూనెగింజలు వంటి వాటినుండి రావాలి. పాలన్నీ కేంద్రంలో పోసి, పిల్లలకు సంగటి, ఊరుబిండి మాత్రమే పెట్టే ఇండ్లున్నవి. పిల్లల గ్లాసులు నింపిన తరువాతే క్యాను కేంద్రానికి తీసుకొని రండి.