నోటీసు వచ్చింది, తయారీ ఆపాలా?

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్‌లోని బచేలిలో చిన్న వర్క్‌షాప్ నాది. కన్వేయర్ బెల్ట్‌కు అంటిన ఖనిజాన్ని గీకే స్క్రేపర్లు చేస్తాను. అది తమ పేటెంటని ఒక కంపెనీ లాయర్ నోటీసు పంపాడు. ఏం చేయాలి?

జవాబు: కంగారుపడి క్షమాపణ రాసివ్వకండి. ముందు నోటీసులోని నంబరుతో పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో వెతకండి. గడువు 20 ఏళ్లే, అదీ రుసుము కడుతుంటేనే. చాలా పేటెంట్లు అక్కడే చచ్చిపడి ఉంటాయి! బతికే ఉంటే, చివర ఉండే క్లెయిములు చదవండి. అందులో చెప్పిన ప్రతి అంశమూ మీ స్క్రేపర్‌లో ఉందా అన్నదే అసలు ప్రశ్న.

వాళ్ల దరఖాస్తుకు ముందే మీరు దాన్ని బహిరంగంగా అమ్మారా? తేదీలున్న బిల్లులు, గేట్‌పాసులు, ఫొటోలు తీసి పెట్టండి. వాటి ఆధారంగా పేటెంట్ల చట్టం 64వ సెక్షన్ కింద పేటెంట్ రద్దు కోరవచ్చు. దావా జిల్లా కోర్టులో మొదలైనా, రద్దు కోరుతూ ఎదురుదావా వేస్తే కేసు బిలాస్‌పూర్ హైకోర్టుకు వెళ్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ అవతలివాళ్లకూ భయం పుడుతుంది. ఆధారం లేని బెదిరింపులపై 106వ సెక్షన్ కింద మీరే దావా వేయొచ్చు. అయితే పేటెంట్ ఉందని తెలపడం మాత్రమే బెదిరింపు కాదు.

రిస్డిప్లామ్ మందు కేసులో హైదరాబాద్ కంపెనీ నాట్కో, పేటెంటే చెల్లదనే దారి పట్టింది. పేటెంట్ చెల్లుబాటుపైనే గట్టి సందేహం లేవనెత్తడంతో, పేటెంట్ ఉన్న రోష్ కంపెనీ అడిగిన మధ్యంతర నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు 2025లో నిరాకరించింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

నోటీసుకు జవాబు మాత్రం పేటెంట్ లాయర్ చేతే రాయించండి.